డెల్ఫినా తోమాలనుకున్న సమాధి

ఎన్నికలు దగ్గరపడితే మా పంచాయతీ ప్రెసిడెంటు ఆర్లిందోకు ముసలివాళ్ల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. మా వీధి చివర దీపం వెలగడం లేదని ఏడాదిగా మొత్తుకుంటున్నా చెవిన వేసుకోని మనిషి, ఆ శరత్కాలంలో ఇంటింటికీ తిరిగి, "అత్తా, నిన్ను లిస్బన్ తీసుకెళ్తున్నా. బస్సు, బస, భోజనం అన్నీ పంచాయతీవే. నువ్వు చెయ్యాల్సిందల్లా ఈ టోపీ పెట్టుకోవడమే" అని చెప్పి వెళ్లాడు. పసుపుపచ్చ టోపీలు. ముందువైపు ఊరి పేరు, వెనకవైపు ఆయన పార్టీ గుర్తు. నేను ఆయనకు ఓటు వెయ్యనని ఆయనకూ తెలుసు. అయినా టోపీ ఇచ్చాడు, నేనూ పుచ్చుకున్నాను. ఊరికే వచ్చిన ప్రయాణాన్ని కాదనేంత పౌరుషం నాకు లేదు.

ఆశ్చర్యమల్లా డెల్ఫినా కూడా వస్తాననడం.

డెల్ఫినా ఇంటికీ నా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆమె దగ్గితే నాకు వినపడుతుంది, నేను మా ఆయన్ని తిడితే ఆమెకు వినపడుతుంది. నాకంటే కాస్త పెద్దది కాబట్టి అక్కా అంటాను, ఆమె నన్ను ఎర్మీ అంటుంది. నా పూర్తి పేరు ఎర్మెలిండా, అది పిలిచే ఓపిక ఊళ్లో ఎవరికీ లేదు. ఆమెకున్నవి కొన్ని మేకలు, ఇంటి వెనక చెస్ట్‌నట్ చెట్లు, కొండవాలులో కొంచెం ఆలివ్ తోట. మిరాందెలా సంత దాటి ఎన్నడూ పోలేదు, పోవాలని ఉందని అనగా నేను వినలేదు. మూడేళ్ల కిందట భర్త అనీబాల్ పోయినప్పుడు సంతాపానికి నల్లబట్టలు కట్టుకునే పని కూడా లేకపోయింది. అప్పటికే చాలా ఏళ్లుగా ఆమె ఒంటిమీద నలుపే ఉంది.

ఆ నలుపు కూతురి కోసం. సెలెస్తె అని ఒక్కతే కూతురు, గడ్డం మీద చిన్న సొట్ట, మాటకు ముందు నవ్వు. ఆ రోజుల్లో మా కొండ ఊళ్ల నుంచి ఆడపిల్లల్ని లిస్బన్‌లో పెద్దిళ్లకు పనికి పంపేవాళ్లు. అనీబాల్ కూడా పంపాడు. తల్లి వద్దంది, ఆయన వినలేదు. రెండేళ్లకు పిల్లకు కడుపులో ఏదో చీము పట్టి చనిపోయిందని తంతి వచ్చింది. మా ఊరికి రోడ్డు లేని కాలం. తంతి కంచర గాడిద మీద కొండెక్కి వచ్చేసరికి అక్కడ పాతిపెట్టడం కూడా అయిపోయింది. డెల్ఫినా శాలువా కప్పుకుని బయల్దేరబోతే అనీబాల్ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మట్టి కప్పేశారంట. ఇంకేం చూస్తావు పోయి?" అన్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆయన బతికున్నన్నాళ్లూ పిల్ల పేరు ఎత్తనివ్వలేదు. ఆయనకు పాపభయం పట్టుకుందని కొందరు అన్నారు. నాకైతే అది మొండితనమే అనిపించేది, ఇప్పటికీ అనిపిస్తుంది. నేను ఆయన్ని క్షమించలేదు. క్షమించడం నా పని కాదు కూడా.

మా ఊళ్లో ఆడదాని పనితనాన్ని వంటింట్లో చూడరు, శ్మశానంలో చూస్తారు. నవంబరు మొదట్లో సకల పునీతుల పండగ వస్తుంది. దానికి ముందు వారమంతా ఆడవాళ్లం బకెట్లు, బ్రష్‌లు పట్టుకుని సమాధుల దగ్గరే ఉంటాం. రాళ్ల మీద పాచి గీకి, కడిగి, చామంతులు పేర్చి, దీపాలు పెడతాం. ఎవరి సమాధి మీద పాచి కనిపిస్తే వాళ్ల పరువు ఆ ఏడాదికి పోయినట్టే. ఈ పనిలో డెల్ఫినాను మించినవాళ్లు లేరు. అత్తమామల రాయి తోమడం అయ్యాక ఊరుకునేది కాదు. ఫ్రాన్సుకు వలసపోయిన కుటుంబాల సమాధులు, వారసులు లేని ముసలివాళ్ల సమాధులు, అన్నీ తోమేది. బూడిద, వెనిగరు, పీచు బ్రష్, అంతే ఆమె సరంజామా. "అందరి చచ్చినవాళ్లకీ నువ్వే చాకిరీ చేస్తే వాళ్లు లేచొచ్చి నీ మేకల్ని కాస్తారా?" అని జెఫెరీనో ఎగతాళి చేసేవాడు. ఈ జెఫెరీనో మా ఊరి వాగుడుకాయ. ఆమె తలెత్తకుండానే, "నీది కూడా తోముతాలే, తొందరపడు" అనేది.

సొంత కూతురి రాయి తోమలేక ఊరందరివీ తోముతోందని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్లం కాదు.

ఇంకో అలవాటు ఉండేది ఆమెకు. సాయంత్రం రేడియోలో వాతావరణం చెప్పేటప్పుడు ఎంత పనిలో ఉన్నా ఆపేసేది. మా వైపు మంచు పడుతుందా, చెస్ట్‌నట్ రాలుతుందా, అదేం పట్టదు. లిస్బన్ పేరు వచ్చేదాకా చెయ్యి పైకెత్తి ఉంచేది, ఎవరూ మాట్లాడకూడదని. విన్నాక, "ఇవాళ దాని మీద వాన పడుతోంది" అనేది. లేకపోతే "ఇవాళ దానికి ఎండ కాసింది, మంచిదే" అనేది. అనీబాల్ ఇంట్లో ఉంటే మాత్రం పెదాలు కదిపి ఊరుకునేది. గోడకు ఇవతల నుంచి ఇన్నేళ్లూ ఈ మాట విని విని, లిస్బన్‌లో వాన పడుతోందంటే నాక్కూడా సెలెస్తె తడుస్తున్నట్టే ఉండేది.

బస్సు బయల్దేరిన రోజు ఆమె చేతిలో సంచి చూసి జెఫెరీనో సాయం చెయ్యబోయాడు. ఎత్తగానే బరువుకు మళ్లీ కింద పెట్టేశాడు.

"ఏం మోస్తున్నావమ్మోయ్? లిస్బన్ వాళ్లకు రాళ్లు కరువొచ్చాయని ఎవరన్నా చెప్పారా?"

"నీకెందుకు? నీ సీసా నువ్వు చూసుకో" అంది డెల్ఫినా. సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా కాళ్లు కదపలేదు.

బస్సులో మావాళ్ల సంబరం చెప్పనలవి కాదు. కొండ దిగకముందే పొగబెట్టిన మాంసం ముక్కలు, రొట్టెలు బయటికొచ్చాయి. ఒకాయన అకార్డియన్ వాయిస్తే, వెనక సీట్ల ఆడవాళ్లు పాతికేళ్ల వయసులో పాడిన పాటలు పాడారు. ఆర్లిందో మైకు పట్టుకుని తలలు లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. లిస్బన్ చేరాక పెద్ద మఠం ముందు పచ్చికలో దుప్పట్లు పరిచి, ఉప్పుచేప వేపుళ్లు, వైన్ జాడీ పెట్టుకుని తింటుంటే ఒక పోలీసు వచ్చి ఇక్కడ కూర్చోకూడదన్నాడు. జెఫెరీనో అతని చేతిలో ఒక వేపుడు పెట్టి, "తిని చెప్పు నాయనా, కూర్చోవచ్చో కూడదో" అన్నాడు. తిన్నాడు. తిన్నాక కూడా లేవమన్నాడు. మేం నవ్వుకుంటూ లేచాం.

డెల్ఫినా మాత్రం ఆ పోలీసు దగ్గరికి వెళ్లి ఏదో అడిగింది. అతను నది వెంట తూర్పువైపు చెయ్యి చూపించాడు. అప్పుడు అర్థమైంది నాకు. నా పక్కన కూర్చుని ఇంత దూరం వచ్చిన మనిషి లిస్బన్ చూడటానికి రాలేదు.

ఆ సాయంత్రమే ఆర్లిందోను అడిగింది. "ఒక్క పూట నాకు సెలవియ్యి. మా అమ్మాయి దగ్గరికి పోయొస్తా."

ఆర్లిందో చేతిలో కార్యక్రమం కాగితం ఉంది. దాన్నే చూస్తూ, "రేపు కోట అత్తా, ఎల్లుండి పార్టీ పెద్దలతో భోజనం, ఫోటో. ఒక్క తల తగ్గినా నా పరువు పోతుంది. వెనక్కి వచ్చేరోజు బస్సు అటు తిప్పిస్తాలే" అన్నాడు. తిప్పించడని ఆయన మొహమే చెప్తోంది. డెల్ఫినా తల ఊపి వచ్చేసింది. ఊరి మనుషులకు పెద్దవాళ్లతో వాదించడం చేతకాదు, తల ఊపి తమకు తోచింది చెయ్యడం వచ్చు.

మాకు బస సన్యాసినుల సత్రంలో ఇచ్చారు. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి డెల్ఫినా మంచం మీద సంచి విప్పి ఉంది. లోపల రెండు పాత పీచు బ్రష్‌లు, సీసాలో వెనిగరు, గుడ్డలో మూటగట్టిన బూడిద. మా ఊరి నుంచి బూడిద మోసుకొచ్చింది. అడుగున ఉన్నిశాలువాలో చుట్టి ఒక నల్లరాతి పలక. మిరాందెలాలో రాళ్లు చెక్కే మనిషి చేత చేయించిందట. పైన పింగాణీ బిళ్ల మీద అచ్చువేసిన సెలెస్తె ఫోటో, చిన్నప్పుడు చర్చిలో తొలిసారి దివ్యసత్ప్రసాదం తీసుకున్న నాటిది, తెల్లముసుగులో. కింద పేరు.

"చదువు" అంది.

చదివాను. డెల్ఫినాకు అక్షరాలు రావు. పలక మీది గీతల వెంట వేలు నడిపి చూపించింది. "ఈ మొదటిది కొడవలి మాదిరి ఉంటుంది. చివరిది సగం విరిగిన ఉంగరం. నేను ఇన్నాళ్లూ చూసి చూసి గుర్తుపెట్టుకున్నా. అయినా అక్కడ చాలా రాళ్లుంటాయి గదా, నువ్వు మూడో తరగతి చదివావు. నాతో రా."

"ఎక్కడుందో తెలుసా అక్కా?"

"తెలియకేం. అమ్మాయి పనిచేసిన ఇంట్లో వంటచేసిన ఫెలిస్మీనా చెప్పింది నాకు, సంతలో. పేదల వరసలో, గోడ పక్కన, సైప్రస్ చెట్టు కింద. అక్కడ నించుంటే నది కనపడుతుందంట. చెక్క శిలువ పెట్టారంట. అది ఈపాటికి పుచ్చిపోయి ఉంటుంది, అందుకే రాయి చేయించా. ఇన్నేళ్లయింది, పాచి ఎంత పట్టిందో. పొద్దు పోయేదాకా తోమాలేమో."

ఆమె మొహంలో పెళ్లికి పోయేవాళ్ల తొందర ఉంది. ఆ నిమిషంలో నాక్కూడా అనుమానమేం లేదు. మా ఊళ్లో తాతల తాతలు ఎక్కడున్నారో అక్కడే ఉన్నారు. చచ్చిపోయినవాళ్లు కదలరు గదా.

కోట దగ్గర జనం మెట్లెక్కుతుంటే మేమిద్దరం వెనకబడ్డాం. టోపీలు తీసి జేబులో కుక్కుకున్నాం. దారిన పోయేవాళ్లను అడుగుతూ సిటీ బస్సెక్కాం. సంచి చెరో కొస పట్టుకున్నాం. నాకు మోకాళ్లు పీకేస్తున్నాయి, ఆమె మాత్రం ముందు నడుస్తోంది. గేటు దగ్గర పూలు అమ్మే ఆవిడ దగ్గర డెల్ఫినా తెల్ల చామంతులు ఎంచి ఎంచి తీసుకుంది. ఒక్కో పువ్వు తిప్పి చూసింది.

"కొత్తగా పోయారా అమ్మా మీవాళ్లు?" అని అడిగిందావిడ.

"మా అమ్మాయి. డెబ్భై ఒకటిలో."

పూలావిడ కట్ట కట్టడం ఆపింది. "సొంత సమాధి గది ఉందా? కుటుంబానిది?"

"మాకెక్కడిదమ్మా. నేలలోనే."

ఆవిడ నా వైపు చూసింది. "ముందు ఆఫీసులో కనుక్కుని వెళ్లండి" అంది మెల్లగా. డెల్ఫినా వినలేదు, అప్పటికే గేటు దాటింది.

లోపల ఒక ఊరే ఉంది. రాతి ఇళ్లలాంటి గదులు, ఇనుప తలుపులు, వీధులు. అవన్నీ దాటి వెనక్కి పోతే వాలులో పేదల నేల వచ్చింది. గోడ ఉంది. సైప్రస్ చెట్టు ఉంది. నిలబడి చూస్తే దూరంగా నది కూడా వెలుగుతోంది. ఫెలిస్మీనా చెప్పినట్టే అన్నీ ఉన్నాయి. డెల్ఫినా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

"చూశావా ఎర్మీ, అబద్ధం చెప్పలేదు."

వరసలు చూస్తూ నడిచింది. చిన్న చిన్న మట్టి దిబ్బలు, పాలరాతి అంచులు, ప్లాస్టిక్ పూలు. అన్నీ తళతళలాడుతున్నాయి. ఆమె ఆగి ఒక రాయిని వేలితో రాసి చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు.

"ఎంత బాగా చూసుకుంటారో ఇక్కడ. పాచి అన్నదే లేదు. మనం ఊరికే అంటాం గానీ పట్నంవాళ్లని, చూడు, ఒక్కటంటే ఒక్కటి నల్లబడలేదు. నేను తెచ్చిన బూడిద వృథా అయ్యేట్టుంది."

ఆమెకు అక్షరాలు రావు. నాకు వచ్చు. నేను రాళ్ల మీద ఏళ్లు చదువుతున్నాను. పోయినేడు. అంతకు ముందేడు. ఈ ఏడు. మొన్న వేసవి. వరస మొత్తం నడిచాను, ఇంకో వరస నడిచాను. పాతది ఒక్కటీ లేదు. పాచి పట్టకపోవడానికి ఎవరో తోమడం కారణం కాదు, ఈ రాళ్లకు పాచి పట్టేంత వయసు లేదు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక చదువుతున్నట్టే నటిస్తూ నడిచాను. ఆ నడకంత అన్యాయమైన నడక నా జన్మలో నడవలేదు. వెనక ఆమె, "కనపడిందా?" అని అడుగుతోంది. "ఇంకా లేదక్కా" అంటున్నాను.

సైప్రస్ చెట్టు కింద ఒక సమాధి ఉంది. ఎవరో ముసలాయనది, మీసాల ఫోటో. డెల్ఫినా దాని ముందు నిలబడి చెట్టునూ గోడనూ నదినీ మళ్లీ మళ్లీ చూసుకుంది. "చోటు ఇదే. ఇతను ఎవరు? మనదాని పక్కన పెట్టారా, పైన పెట్టారా?"

అప్పుడే పార పట్టుకుని ఒక పనివాడు వచ్చాడు. పెద్ద వయసువాడు. నేను పిలిచాను. డెబ్భై ఒకటిలో పోయిన పిల్ల అని చెప్పాను. అతను టోపీ తీశాడు. తీసిన తీరు చూడగానే నాకు తెలిసిపోయింది. డెల్ఫినా మాత్రం, ఇప్పుడు దారి చూపిస్తాడని సంచి అందుకుంది.

"అమ్మా, ఇక్కడ నేల కొన్నేళ్లకే. ఆ తర్వాత తియ్యాలి. చోటు లేదు గదా, రోజూ కొత్తవాళ్లు వస్తుంటారు. తీసేముందు గేటు దగ్గర కాగితం అంటిస్తాం. మనుషులుంటే వచ్చి ఎముకలు చిన్న పెట్టెలో పెట్టి గోడ అరలో దాచుకుంటారు."

"రాకపోతే?" అన్నాను నేను.

"అందరివీ కలిపి ఒకచోట వేస్తాం."

డెల్ఫినా అతన్నే చూస్తోంది. "మాదాన్ని తీసి ఉండరు. నేను ఉన్నాగా. తల్లిని బతికే ఉన్నాగా."

"కాగితం అంటిస్తారమ్మా."

"గేటు మీద అంటిస్తే మా ఊరికి ఎట్లా కనపడుతుందయ్యా?"

అతను చేతిలోని టోపీ నలుపుతూ నేలకేసి చూశాడు. అతను చెడ్డవాడైతే నాకు ఎంత బావుండేదో, నాలుగు తిట్టి కడుపుమంట తీర్చుకునేదాన్ని.

"ఎక్కడో ఒక మూల వదిలేసి ఉండొచ్చు గదా. చిన్నపిల్ల. ఎంత చోటు పడుతుంది? పదహారేళ్ల పిల్ల" అంది డెల్ఫినా.

"ఈ నేలని నా చేతులతోనే ఎన్నిసార్లు తిరగేశానో నాకే తెలీదమ్మా. నేను రాకముందే మీ అమ్మాయిని తీసేసి ఉంటారు."

లెక్క నా బుర్రలో నాకు తెలియకుండానే పడింది. ఈమె మిరాందెలాలో మేకపిల్లల్ని అమ్ముతున్నప్పుడే, నా పెద్దమ్మాయి పెళ్లికి రొట్టెలు చేస్తున్నప్పుడే, సెలెస్తె ఈ చెట్టు కింద లేదు. ఈమె రేడియో దగ్గర చెయ్యెత్తి నిలబడ్డ సాయంత్రాల్లో దాదాపు అన్నిటిలోనూ ఇక్కడ తడుస్తున్నది ఎవరో వేరే మనిషి.

అందరివీ కలిపి వేసే చోటు చూపించమని అడిగాం. గోడ మూలన నేలలో సిమెంటు పలక, దానికి తుప్పుపట్టిన ఇనుప కడియం. పేర్లేమీ లేవు. ఒక మసిపట్టిన దీపం, ఎండిపోయిన పూలు. దాని మీద మాత్రం పాచి ఉంది, అంగుళం మందాన, పచ్చగా.

డెల్ఫినా సంచి కింద పెట్టింది. మోకాళ్ల మీద కూర్చుంది. బ్రష్ తీసింది. నేను అనుకున్నాను, తోముతుంది, తోమితే కాస్త తేలికపడుతుంది అని. ఆమె బ్రష్ పట్టుకుని ఆ పలక కేసి చూస్తూ ఉండిపోయింది.

"ఇందులో ఎంతమంది ఉంటారు?"

"ఎవరికి తెలుసమ్మా" అన్నాడు పనివాడు.

"ఆడా మగా కలిపేనా?"

"అంతా కలిపే."

ఆమె బ్రష్ మళ్లీ సంచిలో పెట్టేసింది. "దీన్ని తోమితే ఎవర్ని తోమినట్టు?" అంది నాతో. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు, నిజంగానే అడుగుతోంది. పనివాడు, కావాలంటే రాతి పలకను ఇక్కడ ఆనించి వెళ్లండి, ఎవరూ తియ్యకుండా చూస్తాను అన్నాడు. ఆమె తల అడ్డంగా ఆడించింది. "ఇక్కడ ఉందని రాయి మీద రాస్తే అబద్ధం అవుతుంది. దాని చెయ్యి ఉందో, కాలు ఉందో." చామంతుల కట్ట మాత్రం వెనక్కి మోసుకెళ్లి సైప్రస్ చెట్టు కింది మీసాల ముసలాయన సమాధి మీద పెట్టింది.

సత్రానికి వచ్చేసరికి చీకటి పడబోతోంది. ఆర్లిందో గుమ్మంలోనే నిప్పులు కక్కుతున్నాడు. "కోట దగ్గర మీ కోసం గంట వెతికాం. ఇంత వయసొచ్చీ బుద్ధి లేదా? ఎక్కడ చచ్చారు?" అన్నాడు. నేను అతని చెయ్యి పట్టుకుని పక్కకు లాగి సంగతి చెప్పాను. మొహం పాలిపోయింది. ఎంతైనా మనిషే. కానీ ఎన్నికలు కూడా దగ్గర్లోనే ఉన్నాయి. అందరూ తింటున్న చోటికి వచ్చి డెల్ఫినా భుజం మీద చెయ్యేసి, అందరికీ వినపడేట్టు, "దిగులు పడకు అత్తా. మన ఊరి శ్మశానంలో సెలెస్తెకు చోటు ఇస్తాను. నీ రాయి అక్కడ నిలబెడదాం. నేనే దగ్గరుండి చేయిస్తా. పంచాయతీ తరఫున" అన్నాడు.

కొందరు చప్పట్లు కొట్టారు. జెఫెరీనో కొట్టలేదు. పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఏం పెడతావు కింద?" అంది డెల్ఫినా.

"అంటే, జ్ఞాపకంగా."

"ఉత్త గుంతకు రాయి ఎందుకు బాబూ. బట్టలు ఆరబెట్టుకోవడానికా?" అని ఆమె సూప్ తాగడం మొదలుపెట్టింది. ఆర్లిందో చెయ్యి కాసేపు ఆమె భుజం మీదే ఉండిపోయింది, ఎప్పుడు తియ్యాలో తెలియక.

మూడో రోజు భోజనానికి వెళ్లాం. ఆమె రాదేమో అనుకున్నాను. వచ్చింది. టోపీ పెట్టుకుంది. ఫోటో తీసేవాడు ముందు వరసలో కూర్చోమంటే కూర్చుంది, జెండా ఊపమంటే ఊపింది. పార్టీ పెద్ద ఎవరో వచ్చి చెయ్యి కలిపితే కలిపింది. "లిస్బన్ ఎలా ఉందమ్మా?" అని అడిగాడాయన. "శుభ్రంగా ఉంది" అని చెప్పింది. ఆ మాట విని ఆయన సంతోషపడ్డాడు. నాకు మాత్రం లేచి బల్ల తన్నేద్దామన్నంత కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. అనీబాల్ మీదనుకుంటా. ఆయన కూడా మట్టిలోనే ఉన్నాడు, సుఖంగా, తన పేరు కింద.

ఆ తర్వాత మిగిలిన రోజులు ఎలా గడిచాయో చెప్పుకునేంత ఏమీ లేదు. వచ్చేటప్పుడు బస్సులో అకార్డియన్ మోగింది. సంచి ఆమె కాళ్ల మధ్యే ఉంది. జెఫెరీనో దిగేటప్పుడు ఒక్క మాటైనా అనకుండా దాన్ని ఎత్తుకుని ఆమె గుమ్మం దాకా మోసి పెట్టాడు.

సకల పునీతుల పండగ వచ్చింది. వారమంతా ఆడవాళ్లం శ్మశానంలోనే ఉన్నాం. డెల్ఫినా రాలేదు. ఫ్రాన్సు వాళ్ల సమాధులు పచ్చగానే ఉండిపోయాయి. అనీబాల్ రాయి మీద కూడా పాచి అలాగే ఉంది. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. "ఒంట్లో బాలేదేమో" అన్నారు కొందరు, "పట్నం చూసొచ్చి గర్వం పట్టింది" అన్నారు ఇంకొందరు. ఆ రెండో మాట అన్నదాని మొహం మీద బకెట్ నీళ్లు కుమ్మరించాను. అదింకా నాతో మాట్లాడదు.

పండగ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో ఉంది, కొత్త ఆలివ్ కాయలు ఉప్పునీళ్లలో ఊరవేస్తోంది. వేరే బరువేదీ దొరకనట్టు, జాడీలో కాయలు పైకి తేలకుండా బరువు పెట్టింది. నల్లటి పలక. వెనకవైపు పైకి ఉంది. నేను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"అక్కా, దాని మొహం కిందికుంది. ఉప్పునీళ్లలో."

"మంచి బరువు. జారదు" అంది.

"నాకియ్యి. నేను దాచిపెడతా."

"ఎక్కడ దాస్తావు? దాయడానికి దానికి చోటేది?" అని చేతులు తుడుచుకుంది. నేను ఏడ్చాను. ఆమె నా ముందు చెస్ట్‌నట్‌లు కాల్చిన పళ్లెం పెట్టింది.

రేడియో నడుస్తోంది. వాతావరణం మొదలైంది. అలవాటుకొద్దీ నేను మాట ఆపేశాను. ఉత్తరాన పొగమంచు అన్నారు, పోర్టోలో గాలి అన్నారు. లిస్బన్‌లో ఆ రాత్రంతా పెద్ద వాన అన్నారు.

ఆమె చెయ్యి పైకి లేవలేదు. ఆలివ్ కాయ ఒకటి తీసి కొరికి చూసింది.

"ఉప్పు సరిపోయిందా చూడు ఎర్మీ" అంది. "నాకు రుచి తెలియడం లేదు."